అవసరం లేదు

మా రాజపాళయం తెలుగు వింటే మీకు నవ్వొస్తుంది. నాకు తెలుసు. మిల్లుకి నూలు కొనడానికి విజయవాడ నుంచి వచ్చే వ్యాపారులు, తిరుమల క్యూలో పక్కన నిలబడ్డవాళ్ళు, అందరూ రెండో మాటకే మూతి బిగించి నవ్వు ఆపుకోవడం చూశాను. నవ్వుకోండి. మదురై నాయక రాజుల కాలంలో ఇటు వచ్చి పొలాలు దున్నుకున్నవాళ్ళం. మీరక్కడ మాట మార్చుకున్నప్పుడల్లా మాకు ఉత్తరం రాయలేదు కదా. పక్కింటి తమిళం ఏది ఇస్తే అది పుచ్చుకున్నాం. అందులో నాకు సిగ్గేమీ లేదు.

నా పేరు అఖిలాండం. మాది చోళపురం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే మిల్లులో, నూలు వడికే రింగ్ ఫ్రేముల మధ్య నడుస్తూ తెగిన పోగులు అతుకుతున్నాను. అక్కడి కార్మిక సంఘానికి పదకొండేళ్ళుగా జాయింట్ సెక్రటరీని. నాకు నోరెక్కువని పేరు. నోరు లేనిదానికి ఆ పదవి ఎవరిస్తారు? ఈ కథంతా ఆ నోటి గురించే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

రెండేళ్ళ కిందట మా మొదలాళి, అంటే మిల్లు యజమాని, గుంటూరు వైపు నుంచి కొత్త మేనేజర్ని తెచ్చాడు. పేరు వెంకటరామ. మొదలాళి రాజుల కులం మనిషి, వాళ్ళింట్లో తెలుగే. "మన భాష మాట్లాడే మనిషిని తెచ్చినా, ఇంక ఏ చిక్కూ ఉండదు" అని ఆయుధ పూజ రోజు అందరి ముందూ చెప్పుకున్నాడు. పాపం, ఆయనకేం తెలుసు.

మేనేజర్ వచ్చిన వారంలోనే గేటు వాచ్‌మన్ ఆయన కారుకి ఎదురెళ్ళి "నేరం అయిపోయింది సార్" అన్నాడు. షిఫ్టుకి టైమైపోయిందని వాడి భావం. ఆయన కారు దిగి, "ఎక్కడ? ఎవరు చేశారు?" అని అడిగాడు. ఆ తరవాతి వారం ఫిట్టర్ ముత్తుకుమార్‌కి ఏదో పని చెప్పి "తొందర లేదు" అన్నాడు. మాకు తొందర అంటే ఇబ్బంది. ముత్తుకుమార్ "నాకేమి తొందర సార్, ఇది నా పనే కద" అని అన్నం కూడా తినకుండా అప్పటికప్పుడు చేసి పెట్టాడు. కాంటీన్‌లో పది రోజులు ఇవే కబుర్లు. మేనేజర్ కూడా నవ్వాడు, కాదనను. కానీ నవ్వుతూనే నన్ను చూసి, "ఇది తెలుగా అఖిలాండం గారూ, తెలుగుకి పట్టిన తెగులా?" అన్నాడు. అంతకుముందు మిల్లులో నన్ను గారు అన్నవాళ్ళు లేరు. ఆ గారు నాకు బాగానే ఉంది. తెగులు మాత్రం కొంగున ముడేసుకున్నాను.

ఇక అసలు సంగతి. ముత్తుకుమార్‌ది సేత్తూరు, మాలాగే తెలుగు రైతు కుటుంబం. నలభై రెండేళ్ళు. స్క్రూడ్రైవర్ మొన బేరింగ్‌కి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడంటే ఆ మిషన్‌కి జబ్బేమిటో చెప్పేస్తాడు. ఇంకో మిల్లు వాళ్ళు రెండుసార్లు పిలిచినా పోలేదు. మా మిల్లు తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. అతనితో పాటు ఉన్న రెండో ఫిట్టర్ రిటైరయితే ఆ జాగాలో ఇంకొకరిని వేయలేదు. ఆ ఇద్దరి పనీ ఇతనే ఈడ్చుకొస్తున్నాడు.

కార్డింగ్ అని ఒక విభాగం ఉంది, దూదిని దువ్వే చోటు. ముళ్ళ తీగ చుట్టిన పెద్ద పెద్ద రోలర్లు గిర్రున తిరుగుతుంటాయి. మిషన్ తలుపు తీయగానే అది ఆగిపోవడానికి అగ్గిపెట్టెంత స్విచ్ ఒకటి ఉంటుంది. ఏడో నంబర్ మిషన్‌లో ఆ స్విచ్ చెడింది. స్విచ్ చెడితే మిషన్ నడవదు, మిషన్ నడవకపోతే ఆఫీసు ఊరుకోదు. ముత్తుకుమార్ ఆ స్విచ్‌ని తప్పించి వైర్లు రెండూ నేరుగా కలిపేశాడు. మిషన్ నడిచింది. తలుపు తీసినా ఇక ఆగదు. వెంటనే మేనేజర్‌కి ఫోన్ చేశాడు.

"సార్, ఏడో కార్డింగ్‌లో డోర్ స్విచ్ పోయింది. కోయంబత్తూరు నుంచి కొత్తది తెప్పించాల."

"ఇప్పుడు అవసరం లేదులే."

ఫోన్ పెట్టేశారు. మాట్లాడింది ఇంతేనని తరవాత ఇద్దరూ ఒప్పుకున్నారు.

మీకు అవసరం అంటే కావలసి ఉండడం. మాకు అవసరం అంటే గబగబా కావడం, మీరు తొందర అంటారే, అది. తమిళంలో అలాగే అంటారు, మేమూ అలాగే అంటాం. మేనేజర్ స్విచ్ అక్కర్లేదన్నాడు. ఏడో మిషన్‌ని మూడు నెలల్లో పాత ఇనుముకి అమ్మేయాలని ఆఫీసులో అనుకున్నారు, ఆ సంగతి విచారణ అయ్యేదాకా కింద మాకెవరికీ తెలియదు. ముత్తుకుమార్‌కి మాత్రం, ఇప్పుడే కంగారు లేదు, మెల్లగా తెప్పిద్దాం అని వినబడింది. వద్దన్నానని ఆయన, వస్తుందని ఇతను. పద్దెనిమిది రోజులు ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు.

పందొమ్మిదో రోజు మధ్యాహ్నం షిఫ్టులో సుగంధి ఆ తలుపు తీసింది. సుగంధి సత్రపట్టి పిల్ల, మా భాషే, కార్డింగ్‌లో తొమ్మిదేళ్ళ పని. రోలర్‌కి దూది చుట్టుకుపోతే తలుపు తీసి లాగేయడం రోజుకి ఇరవైసార్లు చేసే పనే. తలుపు తీస్తే మిషన్ ఆగుతుందని ఆమె చేతికి తొమ్మిదేళ్ళ అలవాటు. ఆగదని పద్దెనిమిది రోజులుగా మనసుకి తెలుసు. చెయ్యి ముందు పోయింది. కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు, రెండూ రెండో కణుపు దాకా పోయాయి. నేను అటు పరుగెత్తేసరికి దూది ఎర్రగా ఉంది. అంతకంటే చెప్పను.

ఆమె ఆసుపత్రి నుంచి రాకముందే చార్జ్ షీట్ వచ్చింది, ముత్తుకుమార్ పేరు మీద. భద్రతా స్విచ్‌ని తప్పించి వైర్లు కలిపాడు, తెలిసీ పద్దెనిమిది రోజులు మార్చలేదు, అజాగ్రత్త వల్ల తోటి కార్మికురాలికి గాయం. విచారణ జరిగేదాకా సస్పెన్షన్, తప్పు రుజువైతే డిస్మిస్.

పంజు మార్కెట్ దగ్గరి సంఘం గదిలో కూర్చున్నాం. మా అధ్యక్షుడు కళైయరసన్ తమిళుడు, కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి సగం వకీలైపోయిన మనిషి. మేం చెప్పిందంతా విని, చార్జ్ షీట్ బోర్లించి, దాని వెనక రెండు మాటలు రాశాడు. "మేనేజర్ 'అక్కర్లేదు' అని ఉంటే స్విచ్ వద్దన్నది ఆఫీసు, ముత్తు బయటపడతాడు. 'తొందరేం లేదు' అని ఉంటే తెప్పించమన్నట్టే లెక్క, వెంటపడి తెప్పించుకోనిది ముత్తు, ఉద్యోగం పోతుంది. అంతే కేసు" అన్నాడు. తమిళంలో ఆ రెంటికీ రెండు వేరు వేరు మాటలు. అక్కర్లేదుకి తేవై ఇల్లై, తొందర లేదుకి అవసరం ఇల్లై. ఆయనకి చీకూ చింతా లేదు.

ఆయన వెళ్ళాక నేను ముత్తుకుమార్‌ని అడిగాను. "నిజం చెప్పు తంబీ. నీకేమని అర్థమాయె?"

"అవసరం లేదు అంటే ఇంకేమి అక్కా. మెల్లగా చూస్తాం అని."

"ఆ మాట ఇంకెవురి దగ్గరైనా అన్నావా?"

గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"సుగంధి దగ్గర. నాలుగు దినాలకొకసారి అడుగుతా ఉండె, అన్నా స్విచ్ ఎప్పుడని. మేనేజరే అవసరం లేదన్నాడమ్మా, వస్తుంది, కొంచెం చూసి పని చేయి అని చెప్పినా. నాదే తప్పు అక్కా. ఇంకొక ఫోన్ చేసి అడిగుంటే ఆ బిడ్డ చెయ్యి ఉండును."

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, ఆ మాట మీద. "తప్పు సంగతి నువ్వు కోవిల్లో చెప్పుకో. విచారణలో ఉద్యోగం సంగతి మాత్రమే. ఆయన ఏమన్నాడని అడిగితే ఆ మాట అట్లనే చెప్పు. నీకేమి అర్థమాయెనని అడిగితే తెలుగులో చెప్పు. తమిళంలో మాత్రం నోరు తెరవొద్దు."

"తెలుగులో ఏమని చెప్పేది?"

"అవసరం లేదని అనుకున్నా అను. అబద్ధమా అది?"

ఆలోచించాడు. "అబద్ధం కాదు" అన్నాడు. నా ఎత్తు అతనికి అప్పుడు అర్థమైందో లేదో నాకు తెలియదు. అర్థం కాకూడదనే నేను కోరుకున్నాను.

మరునాడు సత్రపట్టి పోయాను. అక్కడ వీధికి పది ఇళ్ళలో బ్యాండేజ్ గుడ్డ నేసే మగ్గాలు ఆడుతుంటాయి. సుగంధి చేతికి చుట్టిన గుడ్డ వాళ్ళ వీధిలో నేసిందేనని వాళ్ళమ్మ చెప్పింది. చెప్పి ఏడ్చింది. సుగంధి ఏడవలేదు. ఎడమచేత్తో చెంబు ఎత్తి నాకు నీళ్ళు పోసింది, సగం నేల మీద పోయాయి.

"నిన్ను సాక్షిగా పిలుస్తారు. ముత్తు నీతో ఏమి చెప్పినాడని అడుగుతారు. జ్ఞాపకం లేదను" అన్నాను.

"నాకు జ్ఞాపకం ఉండాదే అక్కా."

"ఉండనీ. ఆ మాట నువ్వు చెప్పితే వాడి పని పోతుంది. ముగ్గురు బిడ్డలు, తెలుసు కద. వాడేమి కావాలని చేసిందా?"

"ముత్తన్న మీద నాకు కోపం లేదు." కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "నా సంగతి ఏమి అక్కా? ఈ చేత్తో కార్డింగ్ చేయలేను. వేస్ట్ గోడౌన్‌లో కూర్చోబెడతామని ఆఫీసులో చెప్తా ఉండారంట. ఆ దుమ్ములో నాకు ఊపిరి ఆడదు. నీకు తెలుసు కద."

తెలుసు. ఆమెకి చిన్నప్పటి నుంచీ ఆయాసం. "ఇది అయిపోనీ, తరవాత నీ పనే. టెస్టింగ్ రూములో నూలు తూకం వేసే పని ఉండాది, కూర్చుని చేసేది. అక్కడ వేయించేది నా బాధ్యత. ఇది నా మాట" అన్నాను. మాట అంటే మాట. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను, అదొక్కటి మీరు నమ్మాలి.

"సరి అక్కా" అంది.

విచారణ మిల్లు ఆఫీసు మేడ మీద జరిగింది. విచారణ అధికారిగా శ్రీవిల్లిపుత్తూరు నుంచి నారాయణన్ అనే వకీలును పిలిపించారు. నెమ్మదైన మనిషి, ప్రతి మాటా సొంత చేత్తో తమిళంలో రాసుకుంటాడు. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. మేనేజర్‌కి తమిళం అంతంత మాత్రం. కాబట్టి మేనేజర్ మాటల్ని తమిళంలోకి ఆఫీసు గుమాస్తా వసంత్ చెప్పాలి, తెలుగులోనే చెబుతానన్న ముత్తుకుమార్ మాటల్ని నేను చెప్పాలి, ఒకరు తప్పు చెబితే రెండోవాళ్ళు అభ్యంతరం చెప్పాలి. అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టాం.

మేనేజర్‌ని ముందు అడిగారు. ఫోన్‌లో ఏమన్నారు?

"ఇప్పుడు అవసరం లేదు అన్నాను" అన్నాడాయన.

"ఇప్పో అవసరం ఇల్లై ఎన్ఱేన్" అన్నాడు వసంత్. వాడి తప్పేం లేదు, అదే మాట కదా అటూ ఇటూ. నారాయణన్ అదే రాశాడు. తమిళంలో ఆ కాగితం మీద ఆ మాటకి ఒకే అర్థం, తొందరేం లేదని. ఒక్క నిమిషంలో ముత్తుకుమార్ సగం మునిగిపోయాడు.

నేను లేచాను. "సార్, మీ గుంటూరులో ఒక పని మెల్లగా చేయొచ్చు అనేదానికి ఏమంటారు?"

"తొందర లేదు అంటాం."

"మరి ముత్తుతో ఆ మాట ఎందుకు అనలేదు?"

ఆయన వెనక్కి వాలి కూర్చున్నాడు. "మీరే కదమ్మా నేర్పించారు. ఇక్కడ తొందర అంటే ఇబ్బంది అని కాంటీన్ అంతా నవ్వారు. అందుకని మీ మాటే పట్టుకున్నాను. మీ దగ్గర అవసరం అంటే తొందర. అవసరం లేదు అన్నాను, అంటే తొందర లేదు, మెల్లగా తెప్పించుకో అని. ఏడాదిన్నర అయింది వచ్చి. మీ తెలుగు నాకూ వచ్చేసింది."

వసంత్ ఇదంతా తమిళంలో చెప్పాడు. నారాయణన్ చిన్నగా నవ్వి రాసుకున్నాడు. మా తెలుగుని తెగులన్న మనిషి, తన మెడ మీదికి వచ్చేసరికి ఆ తెగులు కిందే తలదాచుకున్నాడు. ఇటు మేమేమో ఆ గుంటూరు తెలుగే మా తెలుగని ప్రమాణం చేయడానికి వచ్చాం. ఇంకో రోజైతే నాకే నవ్వొచ్చేది.

ఆయన చెప్పేది అబద్ధమని నాకు తెలుసు. రుజువు లేదు. కోపం వస్తే నాకు ప్రశ్నలు ఎక్కువొస్తాయి. అడగడం మొదలుపెట్టాను. మీరు ఇక్కడ ఇల్లు ఏ వీధిలో తీసుకున్నారు? ఇంట్లో వంటమనిషి ఎవరు? ఆమెతో ఏ భాషలో మాట్లాడతారు? ఉప్పు తక్కువైతే ఏమంటారు? కూరగాయల బండివాడికి మీరు చెప్పేది తెలుస్తుందా? మామిడికాయ ఊరగాయ ఇక్కడిది బాగుందా, మీ ఊరిదా?

ఊరగాయ దగ్గర ఆయనకి ఓపిక చచ్చిపోయింది. "వకీలు గారూ, ఈ ప్రశ్నలన్నీ ఎందుకండీ? ఇవేవీ అవసరం లేదు" అన్నాడు.

"వసంతూ, తమిళంలో చెప్పప్పా" అన్నాను నేను.

వసంత్ మంచి పిల్లాడు, తడుముకోకుండా చెప్పేశాడు. "ఇంద కేళ్వి ఎల్లాం తేవై ఇల్లై." ఈ ప్రశ్నలన్నీ అక్కర్లేదు.

నారాయణన్ పెన్ను ఆగింది.

"అయ్యా, ఆయన అన్న మాట అవసరం లేదు" అని తమిళంలో చెప్పాను. "మా తెలుగు వచ్చేసిందంటున్నారు కదా. అయితే నా ప్రశ్నలకి తొందర లేదు, మెల్లగా అడగమన్నారా? సాయంత్రం దాకా అడుగుతాను. లేకపోతే అక్కర్లేదన్నారా? వసంత్ అక్కర్లేదనే చెప్పాడు, వాడు ఆఫీసు మనిషే. ఏది రాసుకుంటారో రాసుకోండి."

వసంత్ తలవంచుకున్నాడు. నారాయణన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, సాక్షి వాడుకలో అవసరం అనే తెలుగు మాటకి తేవై అని అర్థం అని ఒక వరుస రాశాడు. రాసినంతసేపూ నేను నిలబడే ఉన్నాను. చాలా సంతోషం వేసింది. దాచుకోవడమెందుకు, పెళ్ళినాడు కూడా అంత సంతోషం వేయలేదు.

తరవాత ముత్తుకుమార్. ఆయన అన్న మాట అట్లాగే చెప్పాడు. నారాయణన్ అడిగాడు, ఆ మాట విన్నప్పుడు నీకేమని అర్థమైంది?

ముత్తుకుమార్ నా వైపు చూడకుండా తెలుగులో అన్నాడు. "అవసరం లేదని అనుకున్నా."

నేను తమిళంలో చెప్పాను. "తేవై ఇల్లై అని అనుకున్నాడు." స్విచ్ అక్కర్లేదని.

ముత్తుకుమార్‌కి తమిళం నాకంటే బాగా వచ్చు. తలెత్తి నా ముఖం చూశాడు. వసంత్‌కి మా భాష పుట్టినప్పటి నుంచీ తెలుసు, ముత్తుకుమార్ ఏ అవసరం అన్నాడో వాడికీ తెలుసు. ఏదో అనబోయాడు. ఆ మాటకి అర్థం ఇప్పుడే రాసుకున్నాం కదా అన్నట్టు నారాయణన్ ఆ వరుస మీద పెన్ను ఆనించి చూపించాడు. వాడు నోరు మూసుకున్నాడు. మాయింటి తెలుగుని నేను ఆ కాగితం మీద నుంచి తుడిచేశాను. ముత్తుకుమార్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

చివరికి సుగంధి వచ్చింది. చేతికి ఇంకా కట్టు ఉంది. ఆమెని నారాయణన్ నేరుగా తమిళంలోనే అడిగాడు, మధ్యలో నేను లేను. స్విచ్ గురించి ఫిట్టర్ నీతో ఏమైనా అన్నాడా?

జ్ఞాపకం లేదంటుందని ఎదురు చూస్తున్నాను.

"అన్నాడు" అంది. "మేనేజర్ అవసరం ఇల్లై అన్నాడని చెప్పాడు."

తమిళంలో, తన నోటితో, ఆ మాటే అనేసింది. అది కావాలని అన్నదో, నిజం దానంతటది జారిందో ఇప్పటికీ నాకు తెలియదు. నారాయణన్ ముందుకి వంగాడు. "ఏమ్మా, తొందర లేదనా, అక్కర్లేదనా? బాగా ఆలోచించి చెప్పు."

సుగంధి నన్ను చూసింది. ముత్తుకుమార్‌ని చూసింది. తరవాత కట్టు కట్టిన చేతిని చూసుకుంది.

"తేవై ఇల్లై" అంది.

వాంగ్మూలం కింద ఎడమచేత్తో సంతకం పెట్టింది. మొదటి అక్షరం తిరగబడింది, కొట్టేసి మళ్ళీ రాసింది. నారాయణన్ ఓపికగా కాగితం కదలకుండా పట్టుకున్నాడు. మేమంతా ఆమె పేరు పూర్తయ్యేదాకా కూర్చున్నాం.

ముత్తుకుమార్‌ని తిరిగి పనిలోకి తీసుకున్నారు, వైర్లు కలిపినందుకు ఒక హెచ్చరిక రాసిచ్చి. గేటు దగ్గర పూలదండ వేశాం, కళైయరసన్ ప్రసంగం చేశాడు, నా పేరు రెండుసార్లు చెప్పాడు. మేనేజర్‌కి ఏమీ కాలేదు. ఇక మీదట ఏ ఆర్డరైనా కాగితం మీద తమిళంలో ఉండాలని నోటీసు అంటించారు, దాని కింద ఆయనే సంతకం పెట్టాడు. ముత్తుకుమార్ పనిలో చేరిన వారంలో కార్డింగ్‌లో ఉన్న ప్రతి స్విచ్చూ విప్పి చూశాడు. ఇప్పుడు ఎవరేం చెప్పినా మూడుసార్లు అడుగుతాడు. నాతో మాట్లాడతాడు, కుశలం అడుగుతాడు. ముఖంలోకి మాత్రం చూడడు. ఉద్యోగం నిలబెట్టినదాన్ని నేను, నన్ను చూస్తే వాడికి గిల్టీగా ఎందుకుండాలని మొదట్లో కోపం వచ్చేది. తరవాత ఆ కోపం కూడా పోయింది.

సుగంధిని వేస్ట్ గోడౌన్‌లోనే వేశారు. టెస్టింగ్ రూముకి మార్చమని ఆమె రాసిచ్చిన పెటిషన్ నా చేతి సంచిలోనే ఉంది. ఎడమచేతి రాత, పెద్ద పెద్ద అక్షరాలు. ఇవ్వాలనే అనుకున్నాను. ఇంతలో ఆఫీసు పన్నెండు గంటల షిఫ్టు తెస్తామంది. దాని మీద చర్చలు, గేటు మీటింగులు, విరుదునగర్ లేబర్ ఆఫీసుకి తిరగడాలు. అందులో ఈ ఒక్క మనిషి సంగతి కలిపితే బేరం పలచబడుతుందని కళైయరసన్ అన్నాడు. అదీ నిజమేననిపించింది. నాలుగు నెలలు గడిచిపోయాయి.

ఆశ్వయుజం చివర ఒక రోజు మొదటి షిఫ్టు వదిలారు. నేను లేబర్ ఆఫీసుకి పోయే బస్సు కోసం గేటు బయట నిలబడ్డాను. సుగంధి వచ్చింది. తలలో, కనుబొమల మీద దూది దుమ్ము. మాట్లాడబోయి దగ్గింది, దగ్గు ఆగేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, నా పెటిషన్ ఏమాయె?"

బస్సు వస్తోందేమోనని నేను రోడ్డు వైపు చూస్తున్నాను. చూస్తూనే అన్నాను. ఎప్పుడూ అనే మాటే, మా ఇంట్లో, మా వీధిలో రోజుకి పదిసార్లు అనుకునే మాట, ఏమీ ఆలోచించకుండా నోటికి వచ్చింది.

"ఇప్పుడు అవసరం లేదు సుగంధీ. దీపావళి కానీ, మాట్లాడతాం."

నేను తిరిగి చూశాను. ఆమె ముఖంలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, బడిలో పిల్ల అడిగినట్టు అడిగింది.

"ఏ అవసరం అక్కా? మనదా, మేనేజరుదా?"

నాకు నోరెక్కువని మొదట్లోనే చెప్పాను కదా. బస్సు వచ్చింది, ఎక్కాను, కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది, బదులు కోసం. బస్సు కదిలేదాకా కూడా నాకు ఏ భాషలోనూ ఒక్క మాట రాలేదు.